ఈస్ట్ కిర్క్‌బీలో లాంకాస్టర్ రైడ్: మోకాళ్లు బాగుంటే తప్పకుండా ఎక్కండి

ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో, ఈస్ట్ కిర్క్‌బీ అనే చోట రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ లాంకాస్టర్ బాంబర్ ఎక్కిస్తారని అల్లుడు చెప్తే, "ఎగురుతుందా?" అనడిగాను. ఎగరదు. నాలుగు ఇంజిన్లూ స్టార్ట్ చేసి, నేల మీదే ఒక చుట్టు తిప్పి తెస్తారు. దానికి ఇంత టికెట్టా అని మా ఆవిడ కింద క్యాంటీన్‌లోనే ఉండిపోయింది. ఇండియన్ ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా చేసి రిటైరైన వాణ్ణి, నాకు మాత్రం పెట్టిన డబ్బు గిట్టుబాటైంది.

ఈస్ట్ కిర్క్‌బీ యుద్ధకాలంలో బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్ 57, 630 స్క్వాడ్రన్ల స్థావరం. ఇక్కణ్ణుంచి ఎగిరి తిరిగిరాని వాళ్లు ఎనిమిది వందలకు పైనే. ఈ చోటుని ఇప్పుడిలా మ్యూజియంగా నిలబెట్టింది ప్రభుత్వం కాదు, ఫ్రెడ్, హెరాల్డ్ పాంటన్ అనే ఇద్దరు రైతు సోదరులు. వాళ్ల అన్న క్రిస్టఫర్ హాలిఫాక్స్ అనే ఇంకో రకం బ్రిటిష్ బాంబర్‌లో ఫ్లైట్ ఇంజినీర్. 1944 మార్చి 30 రాత్రి జర్మనీలోని న్యూరెంబర్గ్ మీదికి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఆ ఒక్క రాత్రే 795 విమానాలు వెళ్తే 95 పోయాయి. అన్న గుర్తుగా తమ్ముళ్లు ఏకంగా బాంబర్నే కొన్నారు. దాని నంబర్ ఎన్ఎక్స్ 611, ముద్దుపేరు జస్ట్ జేన్. 1945లో జపాన్ మీదికి పంపడానికి తయారుచేశారు, ఈలోగా యుద్ధం అయిపోయింది. తర్వాత ఫ్రెంచి నౌకాదళం వాడుకుంది. అంటే ఇది యుద్ధంలో ఒక్క బాంబూ వెయ్యలేదు. నాకెందుకో ఆ సంగతి తెలిశాక ఎక్కడానికి ఇంకాస్త మనసొప్పింది.

తోక దగ్గర కుడివైపు చిన్న తలుపు. తోక కిందికి ఉంటుంది కాబట్టి లోపల ముక్కు వైపు నడవాలంటే ఎత్తు ఎక్కుతున్నట్టే. ప్రతి రెండడుగులకీ తలకో మోచేతికో ఏదో ఒకటి తగులుతుంది. అసలు పరీక్ష మెయిన్ స్పార్ దగ్గర. రెండు రెక్కల్నీ మోసే ఆ దూలం నడిచే దారికి సరిగ్గా అడ్డంగా వెళ్తుంది. వంగి, ఒక కాలు ఎత్తి అటు వేసి, దాని మీద కూర్చుని, రెండో కాలు లాక్కోవాలి. పట్టపగలు, విమానం కదలకుండా నిలబడి ఉండగా, మామూలు ప్యాంటూ చొక్కాతో దాటేసరికే నాకు ఆయాసం వచ్చింది. యుద్ధంలో వీటిల్లో ఎగిరిన కుర్రాళ్లు మందపాటి ఫ్లయింగ్ సూట్లు, బూట్లు, పారాచ్యూట్ పట్టీలు వేసుకుని, చీకట్లో, ఒక్కోసారి విమానం మంటల్లో గింగిరాలు తిరుగుతుండగా దాటాలి. దీన్ని డిజైన్ చేసినవాళ్లు బాంబులకి ముప్పై మూడు అడుగుల పొడవున అడ్డంకి లేని చోటు ఇచ్చారు. మనుషుల్ని మిగిలిన చోట్ల సర్దారు. లాంకాస్టర్ కూలితే బతికి బయటపడ్డవాళ్లు హాలిఫాక్స్‌లో కన్నా ఎందుకు తక్కువో ఆ దూలం దాటాక పుస్తకం చదవకుండానే అర్థమైంది.

నన్ను వైర్‌లెస్ ఆపరేటర్ చోటు దగ్గర కూర్చోబెట్టారు. వేడిగాలి గొట్టం ఇక్కడే తెరుచుకుంటుంది కాబట్టి అతనికి చెమటలు పట్టేవి, మిగతావాళ్లు వణికేవాళ్లు. పక్కనే నావిగేటర్ బల్ల. లైటు బయటికి కనపడకుండా కర్టెన్ వేసుకుని, గంటల తరబడి లెక్కలు కట్టుకుంటూ కూర్చునేవాడు. ఒక్కో ఇంజినూ అందుకుంటుంటే ముందు కాళ్లలో తెలుస్తుంది, తర్వాత పళ్లలో. నాలుగూ తిరిగాక పక్కవాడి మాట వినపడదు. నా కళ్లు మాత్రం ఫ్లైట్ ఇంజినీర్ గేజీల మీదే. ఆయిల్ ప్రెషర్, కూలెంట్ టెంపరేచర్, ఏ ట్యాంకులో పెట్రోలెంత అని రాత్రంతా చూసుకోవాల్సింది అతనే. అతనికి సరైన కుర్చీ కూడా లేదు, మడత సీటే.

కిందికి దిగాక తొందరపడి క్యాంటీన్‌కి పోకండి. తోక దగ్గరికెళ్లి వెనక టరెట్‌ని చూడండి. నాలుగు మెషిన్ గన్‌ల మధ్య ఒక మనిషి పట్టేంత గాజు డబ్బా. మైనస్ నలభై డిగ్రీల చలిలో, మిగతా ఆరుగురికీ వీపు చూపిస్తూ ఒంటరిగా కూర్చోవాలి. పారాచ్యూట్ పెట్టుకోవడానికి కూడా లోపల చోటు లేదు. అది వెనక, తలుపుల అవతల ఉంటుంది. 1944 మార్చిలో నికొలస్ ఆల్కమేడ్ అనే గన్నర్ తలుపు తెరిచి చూస్తే పారాచ్యూట్ తగలబడుతోంది. కాలి చావడం కంటే దూకి చావడం మేలనుకుని పద్దెనిమిది వేల అడుగుల మీంచి దూకేశాడు. చెట్ల కొమ్మలు, మంచు ఆపాయి, బతికాడు. కానీ అలాంటి అదృష్టం ఎందరికి? బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్‌లో బాంబర్లు నడిపిన విభాగం బాంబర్ కమాండ్‌లో ఎగిరిన లక్షా పాతిక వేల మందిలో 55,573 మంది పోయారు. ముప్పై ఆపరేషన్లు పూర్తిచేస్తే ఒక టూర్ అయినట్టు. ఆ తర్వాత కొన్నాళ్లు విశ్రాంతి. చాలామందికి ఆ అంకె అందనే లేదు.

హ్యాంగర్‌లో పనిచేసేవాళ్లతో మాట కలపండి. ఇంజిన్ కింద ట్రేలో నూనె చుక్కలు పడుతుంటే, నేను ఫిట్టర్నని చెప్పగానే ఒకాయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కౌలింగ్ (ఇంజిన్ మీది తొడుగు) లోపల చూపించాడు. యుద్ధమయ్యాక బ్రిటిష్‌వాళ్లు కాన్పూర్‌లో వదిలేసిపోయిన లిబరేటర్ అనే అమెరికన్ బాంబర్లని హెచ్ఏఎల్ బాగుచేస్తే మన ఎయిర్‌ఫోర్స్ 1968 దాకా నడిపిందని నేనూ చెప్పాను. మా సీనియర్ల దగ్గర విన్న కథలవి. ఆయనకి ఆ సంగతి ముందే తెలుసు!

రైడ్‌కి ముందే బుక్ చేసుకోవాలి, కారు లేకపోతే వెళ్లడం కష్టం. నడుంనొప్పి ఉన్నవాళ్లు, ఇరుకంటే టెన్షన్ పడేవాళ్లు కంచె బయట నిలబడి చూసినా ఆ మోత చాలు. నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర, ఆ అర నా మోకాళ్లు తగ్గించాయి. బాంబులు పడ్డవాళ్ల వైపు కథ కూడా కావాలంటే లింకన్‌లోని ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్‌కి వెళ్లండి. అక్కడ గోడల మీద దాదాపు 58 వేల పేర్లున్నాయి, జర్మన్ పౌరుల అనుభవాలకీ చోటిచ్చారు. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి, ఆ గోడల దగ్గరే సగం పూట గడిచిపోతుంది.