స్కూల్ ఇచ్చిన ల్యాప్‌టాప్: నాలుగేళ్లు వాడాక చెప్తున్నా

మా పెద్దోడు ఆరో క్లాసులో ఉన్నప్పుడు స్కూల్ వాళ్లు చేతికో క్రోమ్‌బుక్ (విండోస్ బదులు గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్) ఇచ్చారు, ఇప్పుడు వాడు పదికొచ్చాడు, మధ్యలో మా చిన్నదానికీ ఒకటొచ్చింది. అది చాలదన్నట్టు రెండేళ్లుగా వారానికో రోజు స్కూల్లో ల్యాప్‌టాప్ హెల్ప్ టేబుల్ దగ్గర వాలంటీర్‌గా కూర్చుంటున్నా. అందుకే ఈ రివ్యూలో సగం ఇంట్లో నా గోల, సగం ఆ టేబుల్ దగ్గర విన్న గోల. బ్రాండ్ పేరు, స్కూల్ పేరు రాయను, అడగొద్దు ప్లీజ్.

మెషిన్ సంగతి తొందరగా చెప్పేస్తా. పర్లేదు. ఆన్ చేస్తే సెకన్లలో లేస్తుంది, వైరస్ గోల లేదు, కీబోర్డ్ గట్టిదే. మొదట్లో బ్యాటరీ స్కూల్ టైమ్ మొత్తం వచ్చేది, ఇప్పుడు మధ్యాహ్నానికే ఎర్ర గీత. నాలుగేళ్ల బ్యాటరీ అంటే అంతేలెండి. సెలవులప్పుడు ఫుల్ ఛార్జ్ పెట్టి బీరువాలో పడేయకండి, సున్నాకి దించేసీ పెట్టకండి, సగం ఛార్జ్‌లో ఉంచితే లిథియం బ్యాటరీ ఎక్కువ కాలం బతుకుతుంది. ఇంకోటి, అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో ముందే చూసుకోండి, సెట్టింగ్స్‌లో అబౌట్ క్రోమ్‌ఓఎస్, అందులో అడిషనల్ డీటెయిల్స్‌లో ఉంటుంది. 2021 నుంచి వచ్చిన మోడల్స్‌కి పదేళ్లు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది, దానికంటే పాతవాటికి తేదీలు వేరు. ఆ తేదీ దాటిందంటే పైకి బాగానే ఉన్నా సెక్యూరిటీ అప్‌డేట్లు రావు.

విరిగేవి ఏంటంటే ఎక్కువగా రెండే, స్క్రీనూ ఛార్జరూ. కింద పడి పగిలే స్క్రీన్ల కంటే కీబోర్డ్ మీద పెన్సిల్ మర్చిపోయి మూత వేసేసినవే ఎక్కువ మా టేబుల్ మీదకి వస్తాయి, మావాడిదీ అలాగే పోయింది, నల్లటి సాలెగూడులా గీతలు పాకేసి మూలన ఒక చిన్న ముక్కలో మాత్రం బొమ్మ కనపడేది. స్క్రీన్‌ని ఒక మూల పట్టుకుని ల్యాప్‌టాప్ ఎత్తడం ఇంకో జబ్బు. ఛార్జర్ అయితే వైర్‌ని ఇటుకలా ఉండే అడాప్టర్ డబ్బాకి టైట్‌గా చుట్టి చుట్టి పిన్ దగ్గర లోపల తెగ్గొడతారు, పైకి బాగానే ఉంటుంది, పిన్ దగ్గర వైర్ వంచి పట్టుకుంటేనే ఛార్జ్ ఎక్కుతుంది. వదులుగా చుట్టమని ఎన్నిసార్లు చెప్పానో.

"అసలు ఆన్ అవట్లేదు, చచ్చిపోయింది" అని వచ్చేవాటిల్లో చాలావాటికి ఏమీ అయ్యుండదు. రిఫ్రెష్ బటన్, అదే గుండ్రంగా తిరిగిన బాణం గుర్తు ఉంటుంది చూడండి, అది నొక్కి పట్టుకుని పవర్ బటన్ ఒకసారి నొక్కండి. దాదాపు అన్ని క్రోమ్‌బుక్‌లకీ ఇదే హార్డ్ రీసెట్. ఈ ఒక్క ముక్క ముందే అందరికీ చెప్పుంటే టేబుల్ దగ్గర లైను సగం ఉండేది కాదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఏడో క్లాసు పిల్లాడొకడు మూడు వారాలు రోజూ క్లాసులో "ఛార్జింగ్ లేదు మేడం" అని నోట్‌బుక్‌లో రాసుకుంటూ గడిపేశాడు. తీరా చూస్తే బ్యాగ్‌లో ల్యాప్‌టాప్ ఉంది, స్క్రీన్ పగిలి ఉంది, దాన్ని పాత టవల్‌లో చుట్టి పెట్టుకుని మోస్తున్నాడు. డబ్బులు కట్టమంటారని ఇంట్లో చెప్పలేదు, ఇక్కడా చెప్పలేదు. వాళ్లమ్మని పిలిస్తే ఆవిడ చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది: "ఆ కాగితంలో ఏం రాసుందో నాకు తెలీదండీ, సంతకం పెట్టమన్నారు, పెట్టాను." ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పటి ఫారం అది, నేనూ అదే కాగితం మీద సంతకం పెట్టా, నేను మాత్రం చదివానా ఏంటి, ఆరు పేజీలు, కోర్టు నోటీసులా ఉంది. ఆ రోజు టేబుల్ దగ్గరున్న టెక్నీషియన్, వాళ్లమ్మకి కుర్చీ వేసి, పిల్లాడికి స్పేర్ ల్యాప్‌టాప్ చేతిలో పెట్టి "ముందిది తీసుకెళ్లి క్లాసులో కూర్చో నాన్నా, మిగతాది నేనూ అమ్మా మాట్లాడుకుంటాం" అన్నాడు. అంతే, ఎలా పగిలిందని కూడా అడగలేదు.

ఆ తర్వాతే మేం పట్టుబట్టి ఆ ఫారం ముందు ఒక్క పేజీ పెట్టించాం: పగిలితే ఎవరికి చెప్పాలి, బాగయ్యేదాకా వేరేది ఇస్తారా, డబ్బు కట్టలేకపోతే ఎవరితో మాట్లాడాలి, ఇంతే. చదవడం రాని వాళ్లుంటారు కదా, అదే విషయాన్ని వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే భాషలో వాయిస్ మెసేజ్‌గా కూడా పంపిస్తున్నాం. పగిలిన రోజే తీసుకొచ్చేవాళ్లు పెరిగారు, అది నా కళ్లతో చూసింది. స్పేర్లు లేకుండా ల్యాప్‌టాప్ ప్రోగ్రాం నడిపే స్కూళ్లంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది, రిపేర్‌కి పోయిన పది రోజులు ఆ పిల్ల ఏం చెయ్యాలి చెప్పండి?

ఇంట్లో నెట్ సంగతి ఇంకో తలనొప్పి. ఇల్లు మొత్తానికి ఒకే ఫోన్ హాట్‌స్పాట్ ఉన్నవాళ్లు చాలామంది, నాన్న పనికెళ్తే నెట్ కూడా ఆయన జేబులోనే వెళ్లిపోద్ది. గూగుల్ డాక్స్ ఆఫ్‌లైన్‌లో, అంటే నెట్ లేకున్నా పనిచేస్తాయి, కానీ నెట్ ఉన్నప్పుడే గూగుల్ డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఆఫ్‌లైన్ ఆన్ చేసుకోవాలి, దానికి స్కూల్ అడ్మిన్ కూడా ఓకే అనాలి. ఇది నాకు రెండో ఏడాదిలో తెలిసింది! అప్పటిదాకా నెట్ పోతే హోంవర్క్ బంద్ అనుకున్నాం.

మా చిన్నది ఏడ్చింది మాత్రం డౌన్‌లోడ్స్ ఫోల్డర్ వల్ల. సైన్స్ ప్రాజెక్ట్‌కి వారం కష్టపడి వీడియో చేసింది, సేవ్ చేసింది డౌన్‌లోడ్స్‌లో, ఈలోపు మెషిన్ మొరాయిస్తే టేబుల్ దగ్గర పవర్‌వాష్ (మెషిన్‌ని కొత్తదానిలా ఖాళీ చేసే రీసెట్) కొట్టేశారు, మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. డ్రైవ్‌లో ఉన్నవి భద్రం, మెషిన్‌లో ఉన్నవి కాదు. రీసెట్ చేసే ముందు "ఇందులో ఏమైనా దాచుకున్నావా" అని అడగాలని అప్పట్నుంచి రూల్ పెట్టుకున్నాం, ఆ వీడియో తుడిచేసింది నేనే కాబట్టి ఇంకా గట్టిగా పెట్టుకున్నాం.

సైట్లు బ్లాక్ చేసే స్కూల్ ఫిల్టర్ గురించి పేజీలు రాయొచ్చు, రాయను. గేములు ఎలాగోలా దొరుకుతాయి, బ్రెస్ట్ క్యాన్సర్ మీద ప్రాజెక్ట్ చేద్దామంటే మాత్రం పేజీ బ్లాక్.

పేరెంట్స్ మీటింగ్‌లో ప్రతిసారీ ఒకరు లేచి "ల్యాప్‌టాప్ ఇచ్చాక మార్కులు పెరగాలి కదా" అంటారు. పెరూలో ప్రభుత్వం లక్షల్లో చిన్న ల్యాప్‌టాప్‌లు పంచితే, 2012లో బయటికొచ్చిన స్టడీలో లెక్కల్లోనూ భాషలోనూ మార్కులేం మారలేదని తేలింది. మావాడి లెక్కల మార్కులూ కదల్లేదు, వాడికి రాని భిన్నాలు వాడికి ఇప్పటికీ రావు. కాకపోతే పోయిన నెల వాడికి జ్వరమొచ్చి నాలుగు రోజులు ఇంట్లో ఉన్నాడు, పాఠాలన్నీ గూగుల్ క్లాస్‌రూమ్‌ యాప్‌లో చూసుకుని, డౌట్లు టీచర్‌కి కామెంట్లలో పెట్టి, ఒక్క అసైన్‌మెంట్ కూడా వెనకపడకుండా వెళ్లాడు. నాకది చాలు, వేరేవాళ్లకి చాలకపోవచ్చు.

ఈ ఏడాదితో మావాడు స్కూల్ మారుతున్నాడు, స్కూల్ ఇచ్చిన గూగుల్ అకౌంట్ మూసేస్తారు. గూగుల్ టేకౌట్ అనే సైట్‌లో ట్రాన్స్‌ఫర్ అని ఒకటుంది, స్కూల్ వాళ్లు ఆపేయకుండా ఉంటే డ్రైవ్‌లో ఉన్నవన్నీ సొంత జీమెయిల్‌కి పంపుకోవచ్చు, మీ పిల్లలది చివరి ఏడాదైతే అకౌంట్ ఉండగానే చేసేయండి. మావాడిది మొన్న రాత్రి చేశాం, ఆరో క్లాసులో రాసిన కథలు కూడా వచ్చాయి. మెషిన్ శుక్రవారం తిరిగిచ్చేయాలి. తుడిచి పెట్టా, ఛార్జర్ కోసం ఇల్లంతా వెతుకుతున్నాం.