రాజ్‌మందిర్‌లో మ్యాట్నీ: జైపూర్‌లో ఒక సినిమా మధ్యాహ్నం

జైపూర్ వెళ్లే మనవాళ్లు ఆమేర్ కోట, హవా మహల్, జంతర్ మంతర్ చూసుకుని, బాపూ బజార్లో నాలుగు దుపట్టాలు కొనుక్కుని తిరుగు ప్రయాణం కట్టేస్తారు. టూర్ ప్యాకేజీ కాగితాల్లో రాజ్‌మందిర్ సినిమా హాలు ఉండదు. ఉన్నా చివర్లో, "సమయం దొరికితే" అని ఉంటుంది. నా మాట విని ఆ సమయం దొరకబుచ్చుకోండి. సినిమా అంటే ప్రాణం పెట్టే ఊళ్ల నుంచి వెళ్తాం మనం. ఆ హాల్లో ఒక మధ్యాహ్నం కూర్చుంటే, ఇప్పుడొస్తున్న సినిమాల్లో ఏది మనిషిని పట్టుకుంటోందో, ఏది ఊరికే అరుస్తోందో తేటతెల్లమైపోతుంది. మా ప్రయాణంలో నాకు గట్టిగా మిగిలింది అదే. అందుకని బస, తిరుగుళ్లు గబగబా చెప్పేసి దాని దగ్గరికొస్తాను.

వెళ్లింది అమ్మ, పిన్ని, నేను. అమ్మకు హిందీ ముక్క రాదు, మోకాళ్ల నొప్పులు. పిన్నికి హిందీ బాగానే వచ్చు, ఓపిక కూడా ఎక్కువే. బస బనీ పార్క్‌లో తీసుకున్నాం. పాత హవేలీలను గెస్ట్‌హౌస్‌లుగా మార్చినవి ఆ పేటలో చాలా ఉన్నాయి. రైల్వే స్టేషను, సింధీ క్యాంప్ బస్టాండు రెండూ దగ్గరే. పెద్దవాళ్లతో వెళ్తే పాత నగరం గోడల లోపల గది తీసుకోకండి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, సామాన్లతో సందుల్లో నడవాలి, పొద్దుపోయేదాకా హారన్ల మోత. మేం దిగిన చోట గది విశాలంగా ఉంది, గోడల మీద పూలతీగల బొమ్మలు, పెరట్లో పెద్ద వేపచెట్టు. బుకింగ్‌లో లిఫ్ట్ ఉందని రాశారు. తీరా చూస్తే లిఫ్ట్ రెండో అంతస్తు దాకానే, మాకిచ్చిన గది మూడో అంతస్తులో. అమ్మ సంగతి చెప్తే మారుమాట లేకుండా కింది గది ఇచ్చారు, అది మెచ్చుకోవాలి. వేడినీళ్లు మాత్రం పొద్దున ఎనిమిది దాటితే రావు. ఆ మాట ముందురోజు రాత్రే చెప్పి ఉంటే బాగుండేది.

ఊరు చూడ్డానికి కాంపోజిట్ టికెట్ తీసుకోండి. ఆమేర్, హవా మహల్, జంతర్ మంతర్, ఆల్బర్ట్ హాల్, నాహర్‌గఢ్ అన్నీ అందులోనే వస్తాయి, రెండు రోజులు చెల్లుతుంది, ప్రతిచోటా క్యూలో నిలబడే బాధ తప్పుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి హవా మహల్ భయం అక్కర్లేదు, పై అంతస్తులకు ఎక్కువగా ఏటవాలు దారులే. ఆ 953 కిటికీల అందం మాత్రం లోపల్నుంచి కాదు, రోడ్డు అవతలి నుంచి చూడాలి. జంతర్ మంతర్‌లో గైడ్‌ని తప్పకుండా పెట్టుకోండి. 27 మీటర్ల ఎత్తున్న నీడగడియారం సమ్రాట్ యంత్రం, దాని నీడను చూసి రెండు సెకన్ల తేడాతో సమయం ఎలా చెప్తారో ఎవరైనా విడమరిస్తేనే దాన్ని కట్టించిన రాజు సవాయీ జైసింగ్ ఎంతటివాడో బోధపడుతుంది. కార్లు మాట్లాడుకునేవాళ్లకి ఒక హెచ్చరిక: మా డ్రైవరు దారిలో "ఊరికే చూడండి" అంటూ రాళ్ల నగల దుకాణం ముందు ఆపేశాడు. లోపలికి రామని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత నుంచి ఆటోల్లోనే తిరిగాం, హాయిగా ఉంది.

ఇక రాజ్‌మందిర్. భగవాన్ దాస్ రోడ్డులో, పాంచ్ బత్తీ కూడలికి నాలుగడుగుల దూరం. పక్కనే ఊరికి ముఖ్యమైన ఎం.ఐ. రోడ్డు. ఎం.ఐ. అంటే మీర్జా ఇస్మాయిల్. 1942 నుంచి 1946 దాకా జైపూర్ సంస్థానానికి ప్రధానమంత్రి, ఆ వెంటనే 1946-47లో మన హైదరాబాద్‌లో నిజాం దగ్గర అదే పదవి. ఆ రోడ్డు మీదే మట్టి ముంతల్లో లస్సీ అమ్మే పాత దుకాణం ఉంది. సినిమాకి ముందే తాగేయండి, మధ్యాహ్నం దాటితే అయిపోతుంది.

ఈ హాలుకి 1966లో అప్పటి ముఖ్యమంత్రి మోహన్‌లాల్ సుఖాడియా శంకుస్థాపన చేశారు. మొదటి ఆట పడింది 1976 జూన్‌లో. పదేళ్లు పట్టింది. లోపల అడుగుపెట్టగానే ఆ పదేళ్లు ఎందుకయ్యాయో అర్థమవుతుంది. డిజైన్ డబ్ల్యూ.ఎం. నామ్‌జోషీది. ఎక్కడా సూటి గీత, పదునైన మూల కనపడవు. బయట గోడ మీద నవరత్నాలకు గుర్తుగా తొమ్మిది నక్షత్రాలు. లోపల లాబీలో పెద్ద షాండిలియర్లు, వంపు తిరిగిన మెట్లు, కాలు దిగే తివాచీ. హాల్లోకి వెళ్తే గోడలూ పైకప్పూ ఎడారి ఇసుకలో గాలి వేసిన మడతల్లా అలలు అలలుగా ఉన్నాయి. ఆ మడతల వెనక దాచిన దీపాలు రంగులు మారుతుంటాయి. బల్బు ఒక్కటీ కంటికి కనపడదు, వెలుగు మాత్రం గోడలోంచి ఊరుతున్నట్టుంటుంది. అమ్మ తల పైకెత్తి అలా నిలబడిపోయింది. వెనక జనం ఆగినా ఎవరూ తోయలేదు, వాళ్లూ పైకే చూస్తున్నారు.

సీట్లు పెర్ల్, రూబీ, ఎమరాల్డ్, డైమండ్ అని రత్నాల పేర్లతో ఉంటాయి. మేం పైన డైమండ్ తీసుకున్నాం. టార్చిలైటు పట్టుకుని సీటు దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టే మనిషి ఇంకా ఉన్నాడక్కడ. మన మల్టీప్లెక్సుల్లో చీకట్లో ఫోన్ వెలుగుతో తడుముకోవడం అలవాటైపోయిన నాకు ఆ ఒక్క మర్యాదే టికెట్ డబ్బులకు సరిపోయిందనిపించింది. ఆట మొదలయ్యే ముందు పరదా లేచింది. అంతే, కింద నుంచి ఈలలు.

ఆడుతున్నది ఆ వారమే విడుదలైన హిందీ యాక్షన్ సినిమా. పేరు చెప్పను, ఎందుకంటే దోషం దానొక్కదానిది కాదు. యూఏ 16+ సర్టిఫికెట్. 2024 నిబంధనలతో యూఏని 7+, 13+, 16+ అని విడదీశారు కదా, అందులో అన్నిటికంటే పెద్దది. అది పెద్దవాళ్లకి సలహా మాత్రమే, పిల్లల్ని గేటు దగ్గర ఆపే నిబంధన కాదు. మా వరుసలో ఆరేళ్ల పాప తండ్రి ఒళ్లో కూర్చుంది. గొడ్డలి దిగిన ప్రతిసారీ ఆయన పాప కళ్లు మూస్తున్నాడు. కాసేపయ్యాక చెయ్యి తియ్యడమే మానేశాడు. పిల్లల్ని తీసుకెళ్లే ముందు ఆ అంకె ఒక్కసారి చూడండి దయచేసి. నరుకుడు ఇప్పుడు తెలుగులోనూ, హిందీలోనూ, తమిళంలోనూ ఇంతే ఉంది. కథకు కావాల్సినంత కాదు, ముందొచ్చిన సినిమా కంటే కాస్త ఎక్కువ ఉండాలన్నట్టు తీస్తున్నారు.

దాదాపు 1300 సీట్ల హాలు, ముప్పాతిక పైగా నిండింది. అంతమంది మధ్య కూర్చుంటే ఇంట్లో, చిన్న తెర ముందు తెలియని విషయం ఒకటి తెలుస్తుంది. హీరో ఎంట్రీకి హాలు ఊగిపోయింది, నేనూ సంతోషించాను, దాని రుచి దానిది. హీరోని ఆకాశానికెత్తే రెండో ఎలివేషన్ సీన్‌కీ బానే అరిచారు. మూడోదానికి ఈలలు పలచబడ్డాయి. నాలుగోసారి స్లో మోషన్‌లో నడిచొచ్చేసరికి కింద పెర్ల్‌లో ఫోన్లు మిణుక్కుమన్నాయి. బీజీఎం, అదే నేపథ్య సంగీతం, మాత్రం ప్రతిసారీ మొదటిసారిలాగే చెవులు బద్దలుకొట్టింది. "జనం ఇదే కోరుకుంటున్నారు" అని సినిమావాళ్లు ఇంటర్వ్యూల్లో చెప్తుంటారు. ఆ జనం మధ్య కూర్చుని చూశాను, వాళ్లు కోరుకున్నది ఒకటో రెండో.

మరి అదే హాలు పూర్తిగా నిశ్శబ్దమైంది ఎప్పుడంటే, సెకండాఫ్‌లో ఒక చిన్న సీన్ దగ్గర. హీరో తమ్ముడు ఊరొదిలి వెళ్లిపోదామని బ్యాగు సర్దుకుంటాడు. తండ్రి ఆ బ్యాగు చూస్తాడు, ఏమీ అనడు. తన కోసం పెట్టుకున్న టీని ఇంకో గ్లాసులోకి సగం వంచుతాడు. నురగ తన గ్లాసులో ఉండిపోతే, చెంచాతో తీసి కొడుకు గ్లాసులో వేస్తాడు. డైలాగ్ లేదు, సంగీతం లేదు, గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు ఒక్కటే. అంతసేపూ అమ్మ "ఏమన్నాడే?" అని నా చెయ్యి గిల్లుతూనే ఉంది. ఆ సీన్లో అడగలేదు. హిందీ రాని మనిషికి కూడా మాట అవసరం లేకుండా తీసిన రెండు నిమిషాలవి. తీయగలిగినవాళ్లే కదా వాళ్లు! ఆ రెండు నిమిషాలు తీసిన దర్శకుడు మిగతా మూడు గంటలు జనం మీద నమ్మకం లేకుండా తీశాడంటే నాకు నిజంగా బాధేసింది.

ఇంటర్వెల్‌కి ముందు ఒక తెలుగు డబ్బింగ్ సినిమా ట్రైలర్ వేశారు. రాజస్థాన్ కుర్రాళ్లు మన హీరో పేరు పెట్టి అరుస్తుంటే పిన్ని నా భుజం చరిచింది. గర్వంగానే ఉంది. ఒకప్పుడు ఉత్తరాదిలో మన సినిమా అంటే టీవీల్లో మధ్యాహ్నం పూట వేసేది. ఇప్పుడు ఇలాంటి హాల్లో దానికోసం ఎదురుచూస్తున్నారు. కానీ ఆ ట్రైలర్లో ఊరేది? ఒక గని, ఒక ఓడరేవు, మంటలు, పేరులేని రాజ్యం. ఎక్కడైనా ఆడాలని తీస్తే ఎక్కడిదీ కాకుండా పోతోంది. వెటకారం డబ్బింగ్‌లో నిలవదని ముందే తీసేస్తున్నారు, యాస తీసేస్తున్నారు, హీరోయిన్‌కి రెండు పాటలూ ఒక కన్నీటి సీనూ మిగులుస్తున్నారు. మరోపక్క తెలంగాణ పల్లెలో, గోదావరి లంకలో, ఉత్తరాంధ్ర కొండల్లో పెట్టి తక్కువ ఖర్చుతో తీసిన చిన్న సినిమాలు ఇంటి మనుషుల్లా మాట్లాడుతున్నాయి. నాకు వాటి మీదే ఆశ. వాటికి ఇలాంటి పెద్ద హాలు వారం రోజులైనా దొరకదు, అదీ బాధ.

ఇక నిడివి. మూడు గంటలు దాటి కూర్చోబెట్టి, చివర్లో ఒక కొత్త విలన్ మొహం చూపించి "మిగతాది రెండో భాగంలో" అనడం మర్యాద కాదు. టికెట్ కొన్నవాడికి ఒక పూర్తి కథ చెప్పాలి. కొనసాగింపు ఉంటే ఉండనివ్వండి, ముందు ఇది ముగించండి. అమ్మకి మోకాళ్లు పట్టేశాయి. ముగింపు కోసం ఓర్చుకుని కూర్చుంటే, ముగింపే లేదు.

హైదరాబాద్ హాళ్లతో పోలిక చెప్పమంటే చెప్తాను. తెర సైజు కావాలంటే ప్రసాద్స్ పెద్ద తెరకి సాటి లేదు, 101.6 అడుగుల వెడల్పు, 64 అడుగుల ఎత్తు. అభిమానుల హోరు కావాలంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మొదటి రోజు ఉదయం ఆటకు మించింది దేశంలో ఉండదు, దేవి, సుదర్శన్ దగ్గర నిలబడ్డవాళ్లకి తెలుసు. రాజ్‌మందిర్ ఈ రెండింటికీ పోటీ కాదు. హాలే ఒక చూడదగ్గ కట్టడం కావడం, సినిమాకొచ్చిన మనిషిని అతిథిలా చూడడం దాని ప్రత్యేకత. నాకు ఇంకా నచ్చింది, కింద తక్కువ రేటు సీట్లలో ఆటోడ్రైవర్లూ కాలేజీ పిల్లలూ, పైన మాలాంటి యాత్రికులూ ఒకే ఆటకి కూర్చోవడం. 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. ఆ రేట్ల సీట్లు ఊరికి నాలుగైనా మిగలాలంటే ఇలాంటి ఒంటి తెర హాళ్లు బతకాలి, మల్టీప్లెక్సుల్లో అవి దాదాపు లేవు.

వెళ్లేవాళ్లు టికెట్ ముందే ఆన్‌లైన్లో తీసుకోండి, కొత్త సినిమా వారాంతాల్లో నిండిపోతుంది. అరగంట ముందే చేరుకోండి, లాబీకే ఆ సమయం పడుతుంది. మధ్యాహ్నం ఆటకే వెళ్లండి, ఎండవేళ ఎలాగూ కోటలెక్కలేం. నడవలేనివాళ్లు కింది తరగతి తీసుకుంటే మెట్ల బాధ తప్పుతుంది, అమ్మను డైమండ్‌కి ఎక్కించడానికి మాకు కాసేపు పట్టింది.

బయటికొచ్చాక ఆటోలో పిన్ని ఫైట్లు బాగున్నాయంది, పాటల్లో ఒకటి అప్పుడే పాడేస్తోంది కూడా. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. సింధీ క్యాంప్ దగ్గర రావత్ మిష్ఠాన్ భండార్‌లో ఉల్లిపాయ కచోరీలు చేతికొచ్చాక అడిగింది: "ఆ టీ తాగిన కుర్రాడు మళ్లీ ఇంటికొచ్చాడా, చూపించారా? నాకు తెలియలేదా?"

చూపించలేదు. ఆ తర్వాత అతను తెర మీదికే రాలేదు.

"రెండో భాగంలో చూపిస్తారులే అక్కా" అంది పిన్ని.