కూలి ప్రచారమా, వీధి కార్యకర్తా?

ఎన్నికలొస్తే అభ్యర్థి ముందు రెండు దారులు. రోజుకూలి, బిర్యానీ పొట్లం ఇచ్చి ఆటోల్లో జనాన్ని దింపడం ఒకటి. ప్రతి వీధిలో నమ్మకమైన ఇద్దరిని నెలల ముందే తయారుచేసుకోవడం రెండోది.

కూలి జనంతో ర్యాలీ నిండుగా కనిపిస్తుంది, అంతే. పొద్దున ఒక జెండా, సాయంత్రం ఇంకో జెండా పట్టేవాళ్ళను నేను తప్పుపట్టను. అది వాళ్ళకు పూటగడిచే పని. పైగా పోలింగ్ ముగియడానికి 48 గంటల ముందు ప్రచారం ఆగాక, అక్కడ ఓటులేని ప్రచారకులు నియోజకవర్గం వదిలి వెళ్ళాలి.

వీధి కార్యకర్త పని అంతకు చాలా ముందే మొదలై, ఆ తర్వాతా సాగుతుంది. ఓటరు జాబితాలో ఎవరి పేరు పోయిందో, పద్దెనిమిది నిండిన ఏ పిల్లకు కొత్త ఓటు కోసం ఫారం 6, ఇల్లు మారిన ఎవరికి చిరునామా మార్పు కోసం ఫారం 8 పెట్టించాలో ఆమెకు తెలుసు. పోలింగ్ రోజు ఓటింగ్ యంత్రాన్ని ముందుగా పరీక్షించే మాక్ పోల్‌ వేళకే అభ్యర్థి తరఫు ఏజెంటుగా బూత్‌లో కూర్చుంటుంది. చివర్న, పోలైన ఓట్ల లెక్క రాసే 17సి ఫారం నకలు చేతికొచ్చేదాకా కదలదు.

అయితే ఆమె ఊరికే దొరకదు, ఊరికే నిలవదు. పెట్రోలు, ఫోన్ రీచార్జి ఖర్చు ఇవ్వాలి. ఎవరైనా బెదిరిస్తే అర్ధరాత్రయినా పలికే మనిషుండాలి. ఫలితాలయ్యాక మర్చిపోతే మళ్ళీ రాదు.

డబ్బు తక్కువున్న అభ్యర్థికి నేను రెండో దారే చెబుతాను. మూడు వారాలే మిగిలితే, బూత్‌కు ఒక్కరినైనా ముందు వెతకమంటాను.