ఇరవై ఏళ్లు వాడాక: ఒంగోలు ఎండలో గోబ్లిన్ సేన

మొన్న బీరువా సర్దుతూ లెక్కపెడితే వార్‌హామర్ అనే బల్లమీది యుద్ధం ఆట బొమ్మలు 312 తేలాయి. రంగు పడినవి 190. మిగతావి అట్టపెట్టెల్లో బూడిద రంగులోనే పడున్నాయి. ఈ సరదా ఉన్న ఎవరింట్లోనైనా లెక్క ఇలాగే ఉంటుంది, కాదన్నారంటే నమ్మకండి.

2005లో లండన్‌లో చదువుకుంటున్న మా పెదనాన్న కొడుకు వార్‌హామర్ గోబ్లిన్ల (కథల్లోని పొట్టి భూతాల) పెట్టె ఒకటి తెచ్చిచ్చాడు. ఆట 1983 నాటిది. ఇందులో మనిషి బొమ్మ ఎత్తు దాదాపు 28 మిల్లీమీటర్లు, గోబ్లిన్ ఇంకా పొట్టి. ఫ్రేములోంచి ముక్కలు కత్తిరించి అతికించడం, రంగులెయ్యడం అంతా మన పనే. "ఇంత డబ్బు పోసి కొంటే చాకిరీ కూడా నీదేనా?" అంది అమ్మ. దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

మన్నికలో నా ఓటు ప్లాస్టిక్‌కే. దాని జిగురు రెండు అంచుల్నీ కాస్త కరిగించి ఒకటి చేసేస్తుంది. ఇన్నేళ్లలో ఒక్క చెయ్యీ ఊడలేదు. మెటల్ బొమ్మ చేతికి బరువుగా, ముచ్చటగా ఉంటుంది గానీ దానికి ఫెవిక్విక్కే గతి, కింద పడిందంటే అతుకు దగ్గర టక్కున విరుగుతుంది. గుండుసూది తుంచి, రెండు ముక్కలకీ సన్న రంధ్రం చేసి లోపల దూర్చి అతికిస్తే ఆగుతుంది. అచ్చులో పోసి గట్టిపరిచే రెజిన్ బొమ్మల గురించి చెప్పాలంటే మా ఊరి మే నెల గురించి చెప్పాలి. కిటికీ పక్కన పెట్టిన ఈటెవాడి ఈటె మధ్యాహ్నానికి వాడిన తోటకూర కాడలా వేలాడింది. వేడినీళ్లలో ముంచి, నిటారుగా పట్టుకుని, చన్నీళ్లలో పెట్టాను. నిలబడింది, వచ్చే మే దాకా.

స్ప్రే ప్రైమర్ (రంగులకి ముందు కొట్టే అడుగు పూత) మాత్రం ఇక్కడ వద్దు. ఓ నవంబరులో, వాన వెలిసిందని మేడెక్కి ఇరవై గోబ్లిన్ల మీద కొట్టాను. ఆరాక చూస్తే మొహాలన్నీ గరుకు కాగితంలా తయారయ్యాయి, ముక్కు ఏదో కన్ను ఏదో తెలియలేదు. అప్పటినుంచీ ప్రైమర్ కూడా బ్రష్‌తోనే. ఎండాకాలం రంగు పళ్లెంలోనే గడ్డకడుతుంది కాబట్టి మూత డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ పేపర్ వేసి రంగు కలుపుకుంటాను. రెండు రోజులు తియ్యడం మర్చిపోతే బూజు వాసన, అది వేరే కథ.

బేసుల (బొమ్మల కాళ్ల కింద ఉండే పలకల) మీద వెయ్యడానికి కొత్తపట్నం బీచి ఇసుక తెచ్చి, ఉప్పు పోయేదాకా కడిగి ఎండబెట్టాను. బాగా కుదిరింది. చీమకుర్తి గ్రానైట్ ముక్కలు మాత్రం దెబ్బతీశాయి. నల్లరాయిలో బంగారు చుక్కలు మన కంటికి అందమే. గోబ్లిన్ కాళ్ల దగ్గర పెడితే ఒక్కో చుక్కా వాడి పిడికిలంత! చివరికి వాటికీ బూడిద రంగే పూశాను.

2015లో కంపెనీవాళ్లు ఆట కథలోని పాత లోకాన్ని ముగించి, గుండ్రటి బేసులతో కొత్త ఆట తెచ్చారు. తొందరపడి అరవై బొమ్మల్ని పాత చతురస్రపు బేసుల నుంచి పీకాను. 2024లో ఓల్డ్ వరల్డ్ పేరుతో చతురస్రాలు మళ్లీ వచ్చాయి. ఈసారి పీకలేదు. పాత రూల్సు పుస్తకంతోనే ఆడుతున్నాం.

ఆడడం అంటే అసలు చిక్కు ఎదుటి మనిషి దొరకడం. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు కోయించి ఆరుకి నాలుగు బల్ల చేశాను, నాలుగేళ్లు దాని మీద ఒక్కణ్ణే రెండు వైపులా ఆడాను. తర్వాత మా బావమరిదికి నేర్పాను. గోబ్లిన్ల ధైర్యం అంకె బాగా తక్కువ. రెండు పాచికలు కలిపి అంతకు మించి పడితే వెనక్కి తిరిగి పరుగే. మొదటి ఆటలో వాడి ముప్పైమందీ బల్ల అంచు దాటి పోయారు. "బావా, వీళ్లు పారిపోతారని ముందే చెప్పొద్దా?" అని రెండు వారాలు మాట్లాడలేదు. మూడో వారం వచ్చి మరుగుజ్జుల సేన కావాలన్నాడు. ఆ పెట్టె డబ్బులు నాకింకా ఇవ్వలేదు.