వాయిదాల మీద ఫోను కొంటున్నారా? కౌంటరులో ఫోను దుకాణంవారి చేతికి ఇవ్వకండి

విజయనగరంలో పండుగ రాయితీలు చూసి వాయిదాల మీద ఫోను కొనాలనుకుంటున్నవారు దుకాణానికి బయలుదేరే ముందు దయచేసి ఇది చదవండి. నిరుడు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముందు వారంలో నేను ఊళ్లోని ఒక దుకాణంలో 17,500 రూపాయల ఫోను తీసుకున్నాను. విషయం విచారణలో ఉన్నందున దుకాణం పేరు గానీ, అప్పు ఇచ్చిన సంస్థ పేరు గానీ ఇక్కడ రాయడం లేదు.

పాత ఫోనులోని నంబర్లన్నీ కొత్తదానిలోకి ఎక్కించిన తరువాత, కౌంటరులోని కుర్రవాడు "సార్, ఒక్క నిమిషం ఇలా ఇవ్వండి, ఫైనాన్స్ యాప్ వేసేస్తాను" అన్నాడు. ఇచ్చాను. తెర మీద ఇంగ్లీషులో ఒకదాని వెనుక ఒకటిగా ప్రశ్నలు వచ్చాయి. అతని బొటనవేలు ఒకే చోట నాలుగుసార్లు ఆనింది. ఏమని అడిగిందో చదివే వ్యవధి కూడా లేదు. కాంటాక్టులు, మెసేజీలు, ఫోటోలు, లొకేషన్ అన్నింటికీ నా పేరున అనుమతి ఇచ్చినట్లు తరువాత సెట్టింగ్స్‌లో చూసి తెలుసుకున్నాను.

మూడో వాయిదా, జీతం ఆలస్యమై, నాలుగు రోజులు వెనకబడింది. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు చీపురుపల్లి నుంచి మా పిన్ని ఫోను చేసింది. "ఏటి నాయనా, డబ్బులకి ఇబ్బందయిందా? నాకొక మాట సెప్పకపోయావా?" అని ఆమె అడిగేదాకా, నేను అప్పు ఎగవేశానంటూ మా బంధువులకు, పాలు పోసే అతనికి, నాతో పనిచేసేవారికి మెసేజీలు వెళ్లిన సంగతి నాకు తెలియదు. వాయిదా మర్నాడే కట్టేశాను, కానీ వెళ్లిన మాటను వెనక్కు తీసుకోలేకపోయాను.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. అప్పు ఇచ్చే యాప్‌లు ఫోనులోని కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫైళ్ల జోలికి వెళ్లకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే ఆదేశించింది. కెమెరా, మైకు, లొకేషన్ మాత్రం ఖాతా తెరిచేటప్పుడు, మన స్పష్టమైన అంగీకారంతో, ఒక్కసారి వాడుకోవచ్చు. వసూలు కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత ఫోను చేయకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం మరింత సూటిగా ఉంది. వైద్య సలహా ఇచ్చే యాప్ కాంటాక్టుల జాబితా కూడా అడిగి, మనం సరేనన్నా, ఆ సేవకు జాబితా అవసరం లేదు కనుక ఆ సమ్మతి దానికి వర్తించదని చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. సమ్మతి కోరే నోటీసును తెలుగులో చదువుకునే వీలు కూడా కల్పించాలని అదే చట్టం చెబుతోంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడినా, సంస్థల ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఇంతటి చట్టానికి ఇన్నేళ్ల జాప్యం నాకు అన్యాయంగానే తోస్తోంది, ఎందుకంటే కౌంటరులో ఆ బొటనవేలు ఎవరి కోసమూ ఆగదు.

జరిగినదంతా, ఒక్క దూషణ మాట లేకుండా, దుకాణం పేజీలో సమీక్షగా రాశాను. రెండు రోజులకు పరువునష్టం దావా వేస్తామని ఫోను వచ్చింది, ఆ వారంలోనే సమీక్ష మాయమైంది. ఆ పేజీ ఉన్న ఆన్‌లైన్ వేదిక నన్ను వివరణ అడగలేదు, తీసేసిన కారణమూ చెప్పలేదు. కోర్టు గానీ ప్రభుత్వం గానీ ఆదేశిస్తేనే వేదికలకు తొలగించే చట్టబద్ధమైన బాధ్యత ఏర్పడుతుందని సుప్రీంకోర్టు 2015లో శ్రేయా సింఘాల్ కేసులో చెప్పింది. అయినా తమ సొంత నిబంధనల పేరుతో తీసేయడం కంపెనీలకు సులువు, కొనుగోలుదారు మాట నిలబెట్టడం వాటికి శ్రమ. అందుకే సమీక్ష పెట్టగానే దాని స్క్రీన్‌షాట్ దాచుకోండి. తొలగిస్తే 2021 ఐటీ నియమాల ప్రకారం ఆ వేదిక ఫిర్యాదుల అధికారికి రాయండి. ఆయన నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్రం నియమించిన అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు.

దుకాణంలో మాత్రం ప్రతి అనుమతినీ మీ వేలితోనే, చదివి, నొక్కండి. కాంటాక్టులు అడిగితే నిరాకరించండి, అది లేకపోతే అప్పు రాదంటే ఆ అప్పే వద్దనండి. అప్పు ఒప్పందం, వడ్డీ వివరాల పత్రం అక్కడే అడిగి తీసుకోండి.

వినియోగదారుడు నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టవిరుద్ధంగా ఇతరులకు బయటపెట్టడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. నేను ఆ అంశం మీదనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి సలహా కూడా తీసుకోవచ్చు. ఇలాంటి మెసేజీలు మీ వాళ్లకూ వెళ్లి ఉంటే, ఆ యాప్‌ను తీసేయడానికి ముందే దానికి ఇచ్చిన అనుమతుల పేజీని, బంధువులకు వచ్చిన ప్రతి మెసేజీని తేదీ, సమయం కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోండి. యాప్ తీసేశాక ఆ అనుమతుల పేజీ మళ్లీ కనబడదు.