ఈకో బండిలో పడుకుని వండర్‌లా వెళ్ళొచ్చాం, ఆ తాళం వేసిన బాత్రూం మాత్రం మర్చిపోలేను

ముందే చెప్పేస్తున్నా, వండర్‌లా, అదే హైదరాబాద్ దగ్గరున్న అమ్యూజ్‌మెంట్ పార్కు, దాని గురించి నాకు ఒక్క కంప్లైంటు కూడా లేదు. నా మంటంతా మొదటి రాత్రి గురించే. పిల్లల్తో వ్యాన్‌లో పడుకుని తిరిగొద్దాం అనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే మాకు జరిగింది వాళ్ళకి జరగకూడదని రాస్తున్నా.

మాది విజయవాడ, భవానీపురం. పాత మారుతి ఈకో వ్యాన్ ఉంది, అయిదు సీట్లది, ఏసీ లేదు. పిల్లలు రెండేళ్ళ నుంచి వండర్‌లా వండర్‌లా అని ప్రాణం తీస్తున్నారు, హైదరాబాద్‌లో రెండు రాత్రులు రూము అంటే నాలుగైదు వేలు ఊరికే పోతాయి. అందుకని ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీ దగ్గరికి వెళ్ళి వెనక సీటు మడిచేస్తే దాని మీద పరుచుకునేలా మూడు ముక్కల ప్లైవుడ్ మంచం చేయించా, కింద ఇనప కాళ్ళు, అన్నీ బోల్టులే, పది నిమిషాల్లో బిగించొచ్చు పది నిమిషాల్లో తీసేయొచ్చు. వెల్డింగ్ మాత్రం వద్దన్నా, బండికి పర్మనెంటుగా మార్పులు చేస్తే ఆర్సీలో ఎక్కించుకోవాలి, లేకపోతే ఆపిన ప్రతిచోటా సమాధానం చెప్పుకోవాలి. ఫోమ్ పరుపుతో కలిపి 6,800 అయింది. బండి నడిచేటప్పుడు పిల్లలు మామూలుగా సీట్లోనే, బెల్టు పెట్టుకుని. మంచం బండి ఆగాకే.

నవంబరులో యూనిట్ టెస్టులు అయిపోయాక, శుక్రవారం ఒక్కరోజు లీవు పెట్టించి గురువారం సాయంత్రం అయిదున్నరకి బయల్దేరాం. కార్తీక మాసం కాబట్టి మా ఆవిడ ముందు నుంచీ శాకాహారమే, బయటి తిండి తగ్గించాలని పులిహోర, పెరుగన్నం, జంతికల డబ్బా సర్దేసింది. పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి కాస్తే తోడు వేసింది, అలా చేస్తే మర్నాడు మధ్యాహ్నానికి కూడా పులవదు. గొల్లపూడి, ఇబ్రహీంపట్నం, నందిగామ, కోదాడ, సూర్యాపేట, ఏ ఇబ్బందీ లేదు. పెట్రోలు మాత్రం తెలంగాణలోకి వెళ్ళాక కొట్టించుకోండి, మన దగ్గర కంటే తక్కువ.

టోల్ గురించి ఒక ముక్క. తెల్ల బోర్డు బండి అయితే ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ తీసుకోండి, 2025 ఆగస్టు 15 నుంచి ఇస్తున్నారు, 2025లో అయితే 3,000 కడితే ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. ఈ రోడ్డు మీద కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి, నాలుగు ప్లాజాలు, రానూపోనూ ఎనిమిది ట్రిప్పులు, అంటే లెక్కేస్తే 120 రూపాయలు. అద్దెకి తీసుకునే పసుపు బోర్డు వ్యాన్లకి ఈ పాస్ లేదు, అది గుర్తుపెట్టుకోండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా చెల్లదు, అక్కడ వేరే కట్ అవుతుంది, మాకు రానూపోనూ 100 పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. సూర్యాపేట దాటాక, రాత్రి తొమ్మిదింటికి, రోడ్డు పక్కన పెద్ద లైట్లతో ఫ్యామిలీ ఢాబా అని బోర్డు. పేరు రాయను. ఓనరు గల్లాలో కూర్చుని ఉన్నాడు, నేను ఎంతో స్పష్టంగా అడిగా, రాత్రికి బండి ఇక్కడే పెట్టుకుని పడుకుంటాం, పిల్లలున్నారు, లేడీస్‌కి బాత్రూం ఉందా అని. "ఎందుకు లేదు సార్, ఫ్యామిలీలకి సపరేట్ ఉంది, పార్కింగు 300 ఇచ్చెయ్యండి, పొద్దున్న దాకా మీ ఇష్టం" అన్నాడు. ఇచ్చేశా. ఊరికే నిలబడితే బాగోదని రోటీలు, పప్పు, పనీర్ కూర తిన్నాం, 640 బిల్లు. కూర ఉప్పుగా ఉందని మా ఆవిడ అంది, పోన్లే అన్నా. నాకు ఒక నవారు మంచం ఇచ్చారు, బండి పక్కనే వేసుకున్నా. మా ఆవిడ, పిల్లలిద్దరూ లోపల. అద్దాలు రెండు వేళ్ళ సందు దించి దోమతెర గుడ్డ అయస్కాంతాలతో అంటించాం. చలి సన్నగా ఉంది, హాయిగానే నిద్ర పట్టింది.

పన్నెండున్నరకి వాచ్‌మెన్ మంచం తట్టి లేపాడు. "సార్, నైట్ చార్జీ వేరే ఉంటది, రెండొందలు." ఓనరుకి ఇచ్చేశా బాబూ అంటే అది పార్కింగంట, ఇది నైట్ అంట. ఓనర్ని పిలువు అన్నా. ఇంటికెళ్ళిపోయాడంట, ఫోను ఎత్తట్లేదంట. పిల్లలు లేస్తారేమో అని భయపడి రెండొందలూ ఇచ్చేశా. అది నా తప్పే, ఒప్పుకుంటా.

గంట తిరక్కుండా మా పెద్దమ్మాయి లేచింది, బాత్రూంకి వెళ్ళాలంది. దానికి పదకొండేళ్ళు. మా ఆవిడ టార్చి పట్టుకుని తీసుకెళ్ళింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది, మొహం మాడిపోయి ఉంది. ఆడవాళ్ళ బాత్రూంకి తాళం. వాచ్‌మెన్‌ని అడిగితే "తాళం సేటు దగ్గరుంది అమ్మా, పొద్దుగాల ఏడింటికి వస్తడు" అన్నాడు. మరి 500 దేనికి తీసుకున్నారు అంటే నాకేం తెల్వదు అంటాడు. వెనకాల తుమ్మ చెట్లున్నయ్ అటు పొండి అన్నాడు. ఆ మాట విన్నాక మా ఆవిడ ఇంక ఒక్క ముక్క మాట్లాడలేదు. నాతో కూడా. పరుపు మీద దుప్పటి లాగేసి చిన్నోణ్ణి ఎత్తుకుని ముందు సీట్లో కూర్చుంది. "ఏమండీ, బండి తియ్యండి." అంతే. పిల్ల ఏడుపు ఆపుకుంటోంది, దాన్ని అలా చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మంచం చెక్కలు చీకట్లో విప్పదీసి, ఒక బోల్టు దొరక్కపోయినా వదిలేసి, సామాను ఎలా పడితే అలా పడేసి బయల్దేరాం.

రాత్రి రెండింటికి టోల్ ప్లాజా దగ్గర లైట్లు కనిపించినప్పుడు ప్రాణం లేచొచ్చింది. అక్కడ టాయిలెట్లు ఉన్నాయి, తెరిచే ఉన్నాయి, నీళ్ళు కూడా వస్తున్నాయి, పైసా అడిగినవాళ్ళు లేరు. కాస్త ముందు లారీలు ఆగే జాగాలో ఆపుకుని నలుగురం కూర్చునే నిద్రపోయాం అయిదింటి దాకా. ఒక్కటి చెప్తా, వ్యాన్‌లో పడక అనేది సమస్యే కాదు, చెక్క ఉంటే చాలు. బాత్రూం, నీళ్ళు, ఈ రెండే సమస్య. డబ్బులిచ్చే ముందు బాత్రూం తలుపు మీ చేత్తో తీసి చూడండి, లైటు వెలుగుతుందో లేదో చూడండి, తాళం ఎవరి దగ్గరుంటుందో అడగండి. మొహమాటపడకండి. ఇంకోటి, చలిగా ఉందనో ఉక్కగా ఉందనో ఇంజన్ ఆన్‌లో పెట్టి తలుపులు బిగించుకుని అస్సలు పడుకోవద్దు, పొగలో వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి 13వ ఎగ్జిట్, రావిర్యాల దగ్గర దిగాలి. తొమ్మిదిన్నరకే చేరిపోయాం, పార్కు పదకొండింటికి కానీ తెరవరు. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి బండిలోనే డిక్కీ తలుపు ఎత్తి, దాని నీడలో కూర్చుని పదిన్నరకి పులిహోర కడుపునిండా తినేశాం. ఇది మాత్రం సొంత బండి వల్ల వచ్చిన అసలు లాభం. లోపల ఐస్‌క్రీములు, లాకరు, చిన్న చిన్న చిరుతిళ్ళు కలిపి 520 దగ్గర ఆగిపోయింది.

టికెట్లు ఆన్‌లైన్‌లో తీసుకున్నా, ఇద్దరు పెద్దలు ఇద్దరు పిల్లలు, 5,150. ఇక్కడ వయసుతో సంబంధం లేదు, ఎత్తే లెక్క. 85 సెంటీమీటర్ల లోపు ఫ్రీ, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, 140 దాటితే పెద్దల టికెట్టే. పెద్దది జూన్‌లో ఇంట్లో తలుపు చెక్క దగ్గర కొలిస్తే 138, అందుకే ధైర్యంగా పిల్లల టికెట్ తీశా. గేటు దగ్గర స్కేలు ముందు చెప్పులు విప్పి నిలబడింది. రాత్రంతా నిద్ర లేదు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి, అయినా మడమలు గోడకి ఆనించి మెడ ఎంత సాగుతుందో అంత సాగదీసింది. గీత కంటే వేలెడు పైకి వచ్చింది తల. అక్కడున్న అమ్మాయి నవ్వి "పెద్దల టికెట్ సార్" అంది. తేడా 310 కట్టా. కట్టినందుకు బాధ లేదు, ఎందుకంటే పెద్దది ఎగిరి గంతేసింది, "నాన్నా, 140 ఉంటే పెద్ద రైడ్లన్నీ ఎక్కొచ్చు!" రాత్రి ఏడుపు మొహం అప్పటిదాకా అలానే ఉంది, ఆ స్కేలు దగ్గర పోయింది.

పార్కు రోజు గురించి పెద్దగా రాయడానికేం లేదు, అంత బాగా గడిచింది. 2016లో తెరిచారు, కానీ ఎక్కడా పాతబడినట్టు లేదు. వెనక్కి కూడా తిప్పే రోలర్ కోస్టర్ రీకాయిల్‌ని మా పెద్దమ్మాయీ నేనూ ఎక్కాం, తను మళ్ళీ ఎక్కుదామంది, నేను రెండోసారి వద్దన్నా. ముందు డ్రై రైడ్లు, మధ్యాహ్నం ఎండ ఎక్కాక నీళ్ళ రైడ్లు, ఈ వరస బావుంది. నీళ్ళలోకి కాటన్ బట్టలు ఒప్పుకోరు, నైలాన్ లాంటివే. వెళ్ళే ముందే బీసెంట్ రోడ్డులో తోపుడు బండ్ల దగ్గర నలుగురికీ కొనేశాం, పిల్లలవి 190 చొప్పున, నా నిక్కరు 150, మా ఆవిడకి టీషర్టు 250, మొత్తం 780. వేవ్ పూల్‌లో చిన్నోడు అలొచ్చిన ప్రతిసారీ వాళ్ళమ్మ మెడ పట్టుకుని అరుస్తుంటే ఆవిడ నవ్వింది. గురువారం రాత్రి తర్వాత అదే మొదటి నవ్వు, నాకు అప్పుడు కానీ ఊపిరి ఆడలేదు.

సాయంత్రం బయల్దేరి పదింటికల్లా సూర్యాపేట దగ్గర ఒక పెట్రోల్ బంకులో ఆగా. వెయ్యి రూపాయల పెట్రోలు కొట్టించి, ఈసారి ముందు మా ఆవిణ్ణే పంపించా బాత్రూం చూసిరమ్మని. శుభ్రంగా ఉంది అని చెప్పాకే రాత్రికి ఇక్కడ పడుకోవచ్చా అని అడిగా. బంకుల్లో టాయిలెట్టు, తాగే నీళ్ళు, గాలి, ఇవన్నీ ఉచితంగా ఇవ్వాలనే రూలు ఉంది, కానీ రాత్రంతా బండి పెట్టుకోనివ్వడం మాత్రం వాళ్ళ మంచితనమే. నైట్ డ్యూటీ అతను నేను పెట్టిన చోటు చూసి "అన్నా, ఆ సైడు పెట్టకు, లారీలు రివర్స్ తీస్తయ్, పిల్లలున్నరు" అని ఆఫీసు గది పక్కన, లైటు కింద, కెమెరా కనపడే చోట పెట్టించాడు. బంకులో స్టవ్వు వెలిగించే పని అసలు పెట్టుకోవద్దు, మేము మిగిలిన పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడితో తిన్నాం. నేను ముందు సీటు వెనక్కి వాల్చి పడుకున్నా. ఆరింటి దాకా ఎవరూ లేపలేదు.

పొద్దున్న నేను మంచం విప్పుతుంటే అతను టీ గ్లాసుతో వచ్చి జానెడు జానెడుగా ఆ చెక్కని కొలవడం మొదలుపెట్టాడు. వాళ్ళ తమ్ముడికి కూడా ఈకో ఉందంట. పోయిన బోల్టు చోటు చూసి, లోపలికెళ్ళి ఎక్కడిదో ఒక బోల్టు తెచ్చి తనే బిగించాడు. సరిపోయింది. మేస్త్రీ నంబరు ఇచ్చా. మా ఆవిడ జంతికల డబ్బా అలానే అతని చేతిలో పెట్టేసింది, డబ్బా తిరిగివ్వక్కర్లేదని చెప్పి మరీ.

మొత్తం లెక్క చెప్తా. పెట్రోలు 4,300, టోళ్ళు 220, టికెట్లు 5,460, ఢాబా తిండి 640, ఆ దిక్కుమాలిన పార్కింగు 500, పార్కు లోపల 520, నైలాన్ బట్టలు 780, దారిలో టీలు 80. అంతా కలిపి 12,500. మంచం ఖర్చు కలపలేదు, అది ఇంకా చాలా ట్రిప్పులకి పనికొస్తుంది. సంక్రాంతి సెలవుల్లో సూర్యలంక బీచ్‌కి వెళ్దామని చిన్నోడు ఇప్పట్నుంచే మొదలెట్టాడు, ఈసారి ఎక్కడ ఆగాలో మా ఆవిడే చెప్తుందంట.

ఇంటికొచ్చాక పెద్దది బ్యాగు కూడా దించకుండా తలుపు చెక్క దగ్గరికెళ్ళి నిలబడింది, గీత గియ్యమని. పెన్సిలు తెచ్చి గీసి టేపు పట్టి చూశా. 141.