ముడతలకు లేజర్: కార్బన్ డయాక్సైడా, ఎర్బియమా?

రెండు లేజర్లూ చర్మంలోని నీటినే ఆవిరి చేస్తాయి. పైపొర పోయి, కింద కొత్త చర్మం పుట్టుకొస్తుంది. తేడా అంతా వేడిలో ఉంది. ఎర్బియం కాంతి తరంగదైర్ఘ్యం 2,940 నానోమీటర్లు. నీరు దాన్ని ఎంత బలంగా పీల్చుకుంటుందంటే, వేడి లోపలికి దిగేలోపే పొర ఎగిరిపోతుంది. 10,600 నానోమీటర్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్ చుట్టుపక్కల కణజాలాన్ని కూడా కాస్త ఉడికిస్తుంది. ఆ వేడికే చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ బిగుసుకుంటుంది, చిన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. పై పెదవి మీద నిలువుగా పడే లోతైన గీతల విషయంలో దీనిదే పైచేయి. సన్నని గీతలకైతే ఎర్బియం చాలు. వాటికి కూడా కార్బన్ డయాక్సైడ్‌కు పోవడం కోరి కష్టం తెచ్చుకోవడమే.

ఆ కష్టం కోలుకునేటప్పుడు తెలుస్తుంది. మొదటి రోజుల్లో ఏది చేయించుకున్నా ముఖం వాచి, రసి కారుతూ, పెట్రోలియం జెల్లీ పూత కింద జిగటగా ఉంటుంది. అద్దం జోలికి పోకపోవడమే మేలు. పొక్కు గిల్లితే మచ్చ మిగులుతుంది. ముఖమంతా చేయించుకుంటే ఎర్బియం తర్వాత కొత్త పొర సుమారు వారానికి కమ్ముకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ తర్వాత 10 రోజులైనా పట్టవచ్చు. ఎరుపు ఎర్బియంతో అయితే వారాల్లో తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్‌తో నెలలు సాగుతుంది.

చామనఛాయ, నలుపు చర్మాలకు మానిన చోట నల్లమచ్చలు పడే ముప్పు ఎక్కువ. అందుకే మధ్యమధ్య చర్మాన్ని వదిలేస్తూ చుక్కలుగా కాల్చే ఫ్రాక్షనల్ పద్ధతి గురించి వైద్యుణ్ణి ముందే అడగాలి. పెదవిపై హెర్పిస్ పొక్కులు వచ్చే అలవాటుంటే అదీ చెప్పాలి, మందు ముందుగానే మొదలుపెడతారు.